ఒడిశా సరిహద్దు జిల్లాల్లో మాజీ సైనికులు, వాళ్ల ఇంటివాళ్లు వైద్యం అందేలా చూసుకోవడం ఎలా?

మా నాన్న హవల్దారుగా రిటైరై పర్లాకిమిడిలో స్థిరపడ్డారు. ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) కార్డు ఉంది, కానీ దాన్ని వాడే అవసరం చాలా ఏళ్లు రాలేదు. ఒక రాత్రి ఛాతీలో నొప్పి అన్నారు. కార్డు బీరువాలో ఉంది. బీరువా తాళం అమ్మ దగ్గర ఉంది. అమ్మేమో బరంపురంలో పెళ్లికి వెళ్లింది. నేనూ తమ్ముడూ ఆయన్ని ఆటోలో వేసుకుని దొరికిన ప్రైవేటు ఆసుపత్రికి పరిగెత్తాం. అక్కడ నలభై వేలు కడితేనే లోపలికి తీసుకుంటామన్నారు. కట్టాం. ఎవరికి ఎప్పుడు చెప్పాలో, ఏ కాగితం అడిగి తీసుకోవాలో మాకు తెలియదు. ఆయన కోలుకున్నారు, అదే మాకు పెద్ద విషయం. కానీ కట్టిన డబ్బులో సగం కూడా తిరిగి రాలేదు.

అప్పటినుంచి మా చుట్టుపక్కల మిలట్రీలో చేసి వచ్చినవాళ్ల ఇళ్లలో ఈ కాగితాల పని నేనే చూస్తున్నాను. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో ఉంటున్న తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మన ఇబ్బంది అందరి ఇబ్బంది లాంటిది కాదు. ఆఫీసు కాగితం ఒడియాలో ఉంటుంది, సర్వీసు కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, ఇంట్లో మాట తెలుగులో ఉంటుంది. దగ్గరి ఆసుపత్రి ఒక్కోసారి పక్క రాష్ట్రంలో ఉంటుంది. వీటన్నిటికీ దారి ఉంది. కాకపోతే ఒంట్లో బాగున్నప్పుడే ఆ దారి వేసి పెట్టుకోవాలి.

ముందు: మీకు ఏది వర్తిస్తుందో తేల్చుకోండి

పెన్షన్ వస్తోందా, లేదా? మొదటి ప్రశ్న ఇదే. వస్తుంటే మీది ఈసీహెచ్ఎస్. ఆ పథకం 2003 ఏప్రిల్ 1న మొదలైంది. ఆ తర్వాత రిటైరైనవాళ్లకి తప్పనిసరి, రిటైరయ్యేటప్పుడు వచ్చే డబ్బులోంచే చందా పట్టుకుంటారు. అంతకుముందు రిటైరైనవాళ్లు ఇష్టముంటే చేరవచ్చు. 2017 చివర్లో సవరించిన రేట్ల ప్రకారం ఆ చందా హవల్దారు వరకు 30,000, నాయబ్ సుబేదారు నుంచి సుబేదారు మేజరు వరకు 67,000, ఆఫీసర్లకి 1,20,000 రూపాయలు. జీవితంలో ఒక్కసారి కడితే చాలు. 1996 జనవరి 1కి ముందు రిటైరైనవాళ్లు, యుద్ధంలో భర్తను కోల్పోయిన స్త్రీలు ఇది కట్టక్కర్లేదు.

ఈ జిల్లాల్లో ఇప్పటికీ కొందరు పెద్దవాళ్లు నెలకి వచ్చే వెయ్యి రూపాయల మెడికల్ అలవెన్సు పోతుందని ఈసీహెచ్ఎస్‌లో చేరలేదు. చేరితే ఆ వెయ్యి ఆగిపోయే మాట నిజమే. కానీ ఒక్కసారి గుండె ఆపరేషన్ పడితే ఎన్ని నెలల వెయ్యి రూపాయలు దానికి సరిపోతాయో లెక్క వేసుకోండి. మీ నాన్నగారో తాతగారో ఈ కారణంతో ఆగిపోయి ఉంటే, దగ్గర కూర్చోబెట్టుకుని నిదానంగా చెప్పండి.

పెన్షన్ లేకుండా బయటికి వచ్చినవాళ్ల సంగతి తర్వాత చెప్తాను. వాళ్లని చాలామంది మర్చిపోతున్నారు, ఆఫీసుల్లో కూడా.

రెండో పని: పేర్లు పక్కపక్కన పెట్టి చూడండి

అన్నిటికంటే ఎక్కువ రోజులు తినేది ఇదే. అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

మంచం మీద దుప్పటి పరిచి డిశ్చార్జ్ బుక్కు, పీపీవో (పెన్షన్ మంజూరు కాగితం), భర్త ఆధార్, భార్య ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు వరసగా పెట్టండి. ప్రతి కాగితంలోనూ పేరు అక్షరం అక్షరం చదవండి. అప్పలనరసమ్మ అనే పేరు తీసుకోండి. పెళ్లయిన కొత్తలో యూనిట్ క్లర్కు హిందీ చెవితో విని డిశ్చార్జ్ బుక్కులో ఇంగ్లీషులో ఒక ‘పి’ తీసేసి రాస్తాడు. రేషన్ కార్డు ఒడియాలో రాసేవాళ్లు పేరుని రెండు ముక్కలు చేసి ‘నరసమా’ అని ఆపేస్తారు. ఆధార్ సెంటర్‌లో కుర్రాడు రేషన్ కార్డు చూసి ఇంగ్లీషులో కొడతాడు. మనిషి ఒక్కరే, పేర్లు మూడు. కంప్యూటర్‌కి మాత్రం వాళ్లు ముగ్గురు మనుషులు.

ఇంకో చిక్కు ఇంటిపేరు. మనం ముందు రాస్తాం, ఆర్మీ రికార్డులో కొందరికి అది చివరికి పోయింది, కొందరికి అసలు లేదు. పుట్టిన తేదీలు మరీ ఘోరం. మా ఊళ్లో ఒకాయనకి డిశ్చార్జ్ బుక్కు ప్రకారం భార్య తనకంటే పెద్దది.

ఏది సరి చేయాలి? నా అనుభవంలో సర్వీసు రికార్డులో ఉన్న పేరు తప్పు కాకపోతే, ఆధార్‌నే దానికి తగ్గట్టు మార్చుకోవడం తేలిక. సర్వీసు రికార్డే తప్పుగా ఉంటే మాత్రం దరఖాస్తు మీ రెజిమెంట్ రికార్డు ఆఫీసుకి వెళ్లాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపండి. అఫిడవిట్ అడుగుతారు, పేపరు ప్రకటన కూడా అడగవచ్చు. అందుకే ఏమేం కావాలో ముందు ఆఫీసులో రాయించుకుని, ఆ తర్వాతే నోటరీ దగ్గరికి వెళ్లండి. ఒక్క అక్షరం కోసం రెండుసార్లు అఫిడవిట్ చేయించినవాళ్లని చూశాను.

పిల్లల పేర్లు అసలు రికార్డుకి ఎక్కాయో లేదో కూడా చూడండి. పెళ్లికీ, పిల్లలు పుట్టినప్పుడూ పార్ట్ టూ ఆర్డరు (సర్వీసు రికార్డులో నమోదు చేసే ఉత్తర్వు) పడకపోతే ఆర్మీ లెక్కలో వాళ్లు లేనట్టే. పీపీవో పోయి ఉంటే కంగారు పడకండి. రక్షణ శాఖ పెన్షన్ పోర్టల్ స్పర్శ్‌కి మారినవాళ్లు ఆ పోర్టల్‌లో లాగిన్ అయి మళ్లీ తీసుకోవచ్చు.

మూడో పని: కార్డు

పాత కార్డుల స్థానంలో ఇప్పుడు వాడుకలో ఉన్నది 64 కేబీ కార్డు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఇంట్లో కంప్యూటర్ తెలిసిన పిల్లలుంటే వాళ్లతో చేయించండి, లేకపోతే జనసేవా కేంద్రానికి వెళ్లండి. ఎవరితో చేయించినా ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు మీదై ఉండాలి. సెంటర్ కుర్రాడి నంబరు పెట్టించుకున్నవాళ్లు రేపు కార్డు బ్లాక్ చేయాలన్నా అతని కోసం వెతకాలి.

ఎవరెవరికి కార్డు వస్తుందంటే, భార్య లేదా భర్తకి వస్తుంది. కొడుక్కి 25 ఏళ్లు నిండేవరకు, లేదా సంపాదన మొదలయ్యేవరకు, లేదా పెళ్లయ్యేవరకు, ఏది ముందైతే అప్పటివరకు. కూతురికి పెళ్లో ఉద్యోగమో వచ్చేదాకా. వైకల్యం ఉండి సంపాదించలేని బిడ్డకి వయసు పరిమితి లేదు. తల్లిదండ్రులు మీ మీద ఆధారపడి ఉండాలి. వాళ్లిద్దరి ఆదాయం కలిపి నెలకి 9,000 రూపాయలు, దాని మీద డీఏ, ఆ పరిధి దాటకూడదు. భర్త లేక పుట్టింటికి వచ్చేసిన కూతురు ఉంటే ఆమె గురించి తప్పకుండా అడగండి. సిగ్గుపడి చాలామంది ఆ మాటే ఎత్తరు.

దరఖాస్తు ఆమోదం పొందాక కార్డు చేతికి వచ్చేలోపు వాడుకోవడానికి తాత్కాలిక స్లిప్పు ప్రింటు తీసుకోవచ్చు. దాన్ని పాలీక్లినిక్‌లో, అంటే ఈసీహెచ్ఎస్ సొంత క్లినిక్‌లో చూపించి ధ్రువీకరించుకోండి.

నాలుగో పని: ఏ పాలీక్లినిక్?

మన సరిహద్దువాళ్లకి బాగా ఉపయోగపడే మాట ఇది. కార్డుకి రాష్ట్రం లేదు. ఒడిశాలో ఉంటున్నారు కాబట్టి ఒడిశా పాలీక్లినిక్‌కే వెళ్లాలని ఎక్కడా లేదు. దేశంలో ఏ పాలీక్లినిక్‌లోనైనా చూపించుకోవచ్చు. కాకపోతే ఒకదాన్ని మీ సొంత పాలీక్లినిక్‌గా పెట్టుకోవాలి, కావాలంటే తర్వాత మార్చుకోవచ్చు.

దేన్ని పెట్టుకోవాలో మ్యాపు చూసి కాదు, బస్సూ రైలూ చూసి నిర్ణయించండి. గంజాం జిల్లావాళ్లకి బరంపురం దగ్గర. పర్లాకిమిడి నుంచి పాతపట్నం పక్క వీధిలాంటిది, అక్కడి నుంచి శ్రీకాకుళం బస్సు దొరుకుతుంది. గుణుపురంవాళ్లకి విశాఖ వైపు వెళ్లే ప్యాసింజరు పర్లాకిమిడి, టెక్కలి మీదుగా పోతుంది. రాయగడవాళ్లు రైలెక్కితే పార్వతీపురం, బొబ్బిలి దాటి విజయనగరంలో దిగుతారు. కొరాపుట్, జయపురం వైపువాళ్లకి అరకు మీదుగా విశాఖ లైను ఉంది. మల్కన్‌గిరివాళ్ల పరిస్థితి నిజంగా కష్టం, జిల్లాలో రైలే లేదు. వాళ్లు ఒక్కరోజులో వెళ్లి రావాలని ప్రయత్నించకండి, చుట్టాల ఇంట్లో ఒక రాత్రి ఉండేలా చూసుకోండి.

నా సలహా ఇది. పెద్ద ఆసుపత్రులు ఎక్కడ ఉన్నాయో, అక్కడ మీ భాష మాట్లాడేవాళ్లు ఎవరున్నారో చూసి ఎంచుకోండి. ఆర్మీలో ఇరవై ఏళ్లు చేసిన మనిషికి హిందీ వచ్చు. ఆయన భార్యకి తెలుగు తప్ప రాదు. ఆయన పోయాక ఆమె ఒక్కత్తే వెళ్లాలి. కడుపులో నొప్పి ఎలా ఉందో, మంటా, పోటా, మెలిపెడుతోందా అని డాక్టరు అడిగితే, ఆమె తన మాటలో చెప్పుకోగల చోటు కావాలి. విశాఖలో నేవీ ఆసుపత్రి ఐఎన్‌హెచ్ఎస్ కల్యాణి కూడా ఉంది. పాలీక్లినిక్ నుంచి అక్కడికీ పంపుతారు.

బయల్దేరే ముందు ఫోన్ చేయండి. ఆదివారం, సెలవు రోజు మూసి ఉంటుంది. స్పెషలిస్టు ఏ రోజు వస్తారో కూడా ఆ ఫోన్‌లోనే అడగండి.

ఐదో పని: రెఫరల్ సరిగ్గా తీసుకోండి

వరస ఇలా ఉంటుంది. ముందు పాలీక్లినిక్ డాక్టరు చూస్తారు, అవసరమైతే రెఫరల్ (వేరే ఆసుపత్రికి పంపే చీటీ) ఇస్తారు, దానితో మీరు ఎంప్యానెల్‌లో ఉన్న, అంటే ఈసీహెచ్ఎస్ ఒప్పందం చేసుకున్న ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తారు. అక్కడ డబ్బు కట్టక్కర్లేదు, బిల్లు ఆసుపత్రి ఈసీహెచ్ఎస్‌కే పంపుకుంటుంది.

రెఫరల్ చేతికి రాగానే అక్కడే నిలబడి మూడు విషయాలు చూడండి. దేనికి రాశారు? కేవలం కన్సల్టేషన్‌కా, పరీక్షలకి కూడానా? తేదీ ఎప్పటివరకు? ఆ ఆసుపత్రి మీ జబ్బుకి సంబంధించిన విభాగంలో ఎంప్యానెల్ అయి ఉందా? కంటికి ఎంప్యానెల్ అయిన చోటికి గుండె రెఫరల్ పట్టుకెళ్తే తిప్పి పంపేస్తారు. నూట యాభై కిలోమీటర్లు వచ్చాక ఆ మాట వినడం ఎంత నీరసమో నాకు తెలుసు. జాబితా ఈసీహెచ్ఎస్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. అయినా ఆసుపత్రికి ఒకసారి ఫోన్ చేసి, ఈసీహెచ్ఎస్ డెస్కుకి కలపమని అడగండి.

బాగా వయసు పైబడిన పెద్దవాళ్లకి రెఫరల్ లేకుండానే ఎంప్యానెల్ ఆసుపత్రిలో స్పెషలిస్టుకి చూపించుకునే వెసులుబాటు ఉంది. నడవలేని తాతగారిని ముందు పాలీక్లినిక్‌కి, తర్వాత ఆసుపత్రికి తిప్పే ముందు ఇది అడగండి. వేరే ఊరికి రెఫర్ చేసినప్పుడు రైలు, బస్సు టికెట్లు పారేయకండి, ప్రయాణ ఖర్చుకి క్లెయిము పెట్టుకునే వీలుంది.

ఆరో పని: రాత్రిపూట ఏం చేయాలి

దీన్ని కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి, ఇంట్లో అందరికీ కనిపించే చోట అంటించండి.

గుండెనొప్పి, పక్షవాతం, పెద్ద దెబ్బ, ఊపిరాడకపోవడం, పాము కాటు లాంటివి వస్తే పాలీక్లినిక్ కోసం ఆగొద్దు. రెఫరల్ అక్కర్లేదు. 108కి ఫోన్ చేసి దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. పాము కాటైతే మాత్రం ఏ ఆసుపత్రి ఎంప్యానెల్‌లో ఉందా అని ఆలోచించకండి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ప్రభుత్వ ఆసుపత్రికే నేరుగా వెళ్లండి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, కొరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఉంది. అంత దూరం పోయే వ్యవధి లేకపోతే దగ్గరి కమ్యూనిటీ హెల్త్ సెంటరే నయం.

చేరింది ఎంప్యానెల్ ఆసుపత్రి అయితే కౌంటర్‌లో మొదటి మాటే “ఈసీహెచ్ఎస్, ఎమర్జెన్సీ” అని చెప్పి కార్డు చూపించండి. అడ్వాన్స్ అడిగితే, ఎందుకు అడుగుతున్నారో కాగితం మీద రాసివ్వమనండి. సమాచారం పాలీక్లినిక్‌కి ఆన్‌లైన్‌లో పంపాల్సింది ఆసుపత్రే. పంపారో లేదో మర్నాడు పొద్దున్నే మీరు కనుక్కోండి.

ఎంప్యానెల్‌లో లేని ఆసుపత్రి అయితే ముందు మీరే కట్టాలి, తర్వాత క్లెయిము పెట్టుకోవాలి. ఇక్కడే మా ఇంట్లో నష్టపోయాం. రెండు రోజుల్లోపు దగ్గరి పాలీక్లినిక్‌కి చెప్పాలి. ఫోన్ చేసి ఊరుకోకండి, ఈమెయిల్ కూడా పెట్టండి. మనం చెప్పాం అనడానికి తేదీతో సహా సాక్ష్యం ఉంటుంది. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. మేము అడగలేదు, నెల తర్వాత అడిగితే ఆ డ్యూటీ డాక్టరు వెళ్లిపోయారన్నారు. దానితోపాటు డిశ్చార్జ్ సమ్మరీ, వివరాలతో ఉన్న అసలు బిల్లులు, డబ్బు కట్టిన రసీదులు, మందుల బిల్లులు, పరీక్షల రిపోర్టులు అన్నీ తీసుకోండి. ఇచ్చే ముందు అన్నిటికీ జిరాక్సు తీయించి దగ్గర పెట్టుకోండి. డబ్బు సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) రేట్ల ప్రకారమే వస్తుంది, ఆసుపత్రి వేసిన మొత్తం రాదు. ఇది ముందే తెలిస్తే తర్వాత గొడవ ఉండదు. ఒంట్లో కుదుటపడగానే రోగిని ఎంప్యానెల్ ఆసుపత్రికి మార్చడం గురించి డాక్టరుతో మాట్లాడండి. ఖర్చు ఆగేది అక్కడే.

మందులు

బీపీ, షుగరు మందులకి ప్రతి నెలా అంత దూరం తిరగడం పెద్దవాళ్ల వల్ల కాదు. దూరం నుంచి వస్తున్నామని డాక్టరుకి చెప్పి, ఎక్కువ రోజులకి ఇవ్వగలరేమో అడగండి. కొడుకో మనవడో చీటీ, కార్డు తీసుకుని వెళ్తే ఇస్తారా అని కూడా కనుక్కోండి. లేని మందుకి ‘నాట్ అవైలబుల్’ అని చీటీ మీద రాయించుకోవాలి. అది లేకుండా బయట కొంటే ఆ ఖర్చు మీదే.

చిన్నచిన్న వాటికి ప్రయాణం మానేయవచ్చు. రక్షణ శాఖ 2021 మే 27న సేహత్ ఓపీడీ అని వీడియోలో డాక్టరుని చూపించుకునే సౌకర్యం మొదలుపెట్టింది, మాజీ సైనికులు, కుటుంబాలు వాడుకోవచ్చు. సిగ్నల్ బాగా ఉండే మేడ మీదో, బస్టాండు దగ్గరో కూర్చుని చేయించండి. నిద్ర పట్టక, మాట్లాడక, గోడకేసి చూస్తూ కూర్చునే మనిషి ఇంట్లో ఉంటే మనసు బాగోలేనివాళ్లకి ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలిమానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు. ‘మిలట్రీ మనిషికి టెన్షన్ ఏమిటి’ అని ఆయన కొట్టిపారేస్తారు. ఆ మాట విని వదిలేయకండి.

భర్త పోయిన తర్వాత

ఆయన కార్డుతో ఆమె కార్డు ముడిపడి ఉంటుంది. ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్ మొదలవ్వగానే ఆమెని ప్రధాన సభ్యురాలిగా మార్చి కొత్త కార్డుకి దరఖాస్తు చేయాలి. దినవారాలు అయిన వెంటనే ఈ పని పెట్టుకోవడానికి ఎవరికీ మనసు రాదు, నిజమే. కానీ ఏడాది ఆగితే ఆమె మందులు ఏడాది ఆగుతాయి. ఇంట్లో కుర్రవాళ్లు ముందుకొచ్చి చేయండి. ఆమెని ఏ ఆఫీసు కిటికీ దగ్గరా ఒంటరిగా నిలబెట్టకండి.

డెబ్బై దాటినవాళ్లకి ఒక జాగ్రత్త

2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటిన అందరికీ ఆయుష్మాన్ వయ్ వందన కార్డు ఇస్తున్నారు. ఒడిశాలో ఆయుష్మాన్ భారత్ 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. ఊళ్లో క్యాంపు పెడితే అందరితోపాటు మన పెద్దాయన కూడా వేలిముద్ర వేసి వస్తారు. ఈసీహెచ్ఎస్ ఉన్నవాళ్లు రెండిట్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. నేనైతే ఈసీహెచ్ఎస్‌నే ఉంచుకోమంటాను. ఆయుష్మాన్ వర్తించేది ఆసుపత్రిలో చేరితేనే, అదీ ఏడాదికి 5 లక్షల వరకే. ఈసీహెచ్ఎస్‌లో ఓపీ, రోజువారీ మందులు కూడా ఉన్నాయి. క్యాంపుకి వెళ్లే ముందే ఇది ఆయనకి చెప్పండి.

పెన్షన్ లేనివాళ్లు

ఐదేళ్లో, ఏడేళ్లో చేసి ఇంటి పరిస్థితుల వల్ల వచ్చేసినవాళ్లు మన పల్లెల్లో ఉన్నారు. వాళ్లకి ఈసీహెచ్ఎస్ రాదు. కానీ ఏమీ లేదని కాదు. రక్షా మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి హవల్దారు, అంతకంటే తక్కువ ర్యాంకువాళ్లకి, వాళ్లు పోయి ఉంటే వాళ్ల భార్యలకి వైద్యానికి గ్రాంటు ఇస్తారు. 2023లో దాన్ని 30,000 నుంచి 50,000 రూపాయలకి పెంచారు. పెద్ద జబ్బులకి వేరే గ్రాంటు ఉంది, దాన్ని లక్షా పాతిక వేల నుంచి లక్షా యాభై వేలకి పెంచారు. దరఖాస్తు కేంద్రీయ సైనిక్ బోర్డు పోర్టల్‌లో వేసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ముందుకు పంపాలి. అందుకు ఎక్స్‌సర్వీస్‌మన్ గుర్తింపు కార్డు, డిశ్చార్జ్ బుక్కు కావాలి. వాళ్ల డిశ్చార్జ్ బుక్కులు చాలావరకు చెదలు తినేసి ఉంటాయి. వీళ్లకి 70 దాటితే పైన చెప్పిన వయ్ వందన కార్డు తప్పక చేయించండి, వీళ్లకి అది నిజంగా అండ.

ఫైలు

చివరిగా, ఒక ప్లాస్టిక్ ఫైలు కొని అందులో కార్డుల జిరాక్సులు, పీపీవో, ఆధార్‌లు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ, పడని మందు పేరు, బ్లడ్ గ్రూపు పెట్టండి. మొదటి కాగితం మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ సొంత పాలీక్లినిక్ ఫోన్, ఈమెయిల్, సైనిక సంక్షేమ కార్యాలయం ఫోన్, దగ్గర్లోని ఎంప్యానెల్ ఆసుపత్రి ఫోన్ రాయండి. అన్నిటినీ ఫోటో తీసి ఇంట్లో ప్రతి ఫోన్‌లోనూ, దూరంగా ఉద్యోగం చేసే పిల్లల ఫోన్లలోనూ వేయండి. అసలు కార్డు బీరువాలో వద్దు. మా ఇంట్లో ఇప్పుడు అది వీధి తలుపు పక్క మేకుకి, నాన్న గొడుగు పక్కన, ఆ ఫైలులోనే వేలాడుతుంది.